జెరాక్స్ షాపు మీది గది

బైరాగిపట్టెడలో జెరాక్స్ షాపు మీద
పద్నాలుగు మెట్లెక్కితే నా గది.
బోర్డు మీద ఏం రాయాలో నాలుగు నెలలు తేలలేదు.
"పిచ్చి అనే మాట తగిలేట్టు ఏమీ పెట్టొద్దు మేడమ్,
కింద నా గిరాకీ కూడా పోతాది" అన్నాడు మునిరత్నం.
చివరికి నా పేరు, ఫోన్ నంబరు,
పెయింటర్ అడక్కుండానే వేసిన ఒక పావురం.
వీధిలో చాలామందికి అది హిందీ ట్యూషన్.
అట్లా అనుకోబట్టే కొందరు
తలెత్తుకుని మెట్లెక్కుతారు.

కిటికీ కింద చెక్క తొట్టి, నిండా స్వర్ణముఖి ఇసుక.
నీళ్లు లేని ఏరు ఇచ్చిన చేబదులు.
షాకీర్ ఆరు వారాలుగా నోరు విప్పలేదు.
ఎర్ర బస్సును ఇసుకలో పూడుస్తాడు,
తీస్తాడు, చక్రాలు ఊది దులుపుతాడు,
మళ్లీ పూడుస్తాడు.
వాళ్ల నాయన తలుపవతల చెప్పుల పక్కన కూర్చుని
"ఎన్ని సిట్టింగుల్లో మాట్లాడతాడు?" అంటాడు,
స్కూటర్ ఎప్పుడిస్తావని మెకానిక్‌ని అడిగినట్టు.
తెలియదంటాను.
తెలియదని చెప్పడానికి డబ్బు తీసుకునే మనిషిని నేను.

తోతాపురి ధర పడిపోయిన జూన్‌లో
బంగారుపాళ్యం నుంచి కొడుకును తెచ్చే ఆయన
రెండు క్రేట్ల కాయలు మెట్ల మీద దించి
నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు.
ఖాతాలో ఫీజు గడిలో "కాయలు" అని రాశాను.
ఆడిటర్ దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు.

జోషితకు పదమూడేళ్లు.
రేణిగుంట రోడ్డు హాస్టల్లో, స్టడీ అవర్‌లో,
లెక్కల పుస్తకం మీద వంగి
ఒక్కో వెంట్రుకా వేలికి చుట్టి లాగేది.
నడినెత్తిన రూపాయి బిళ్లంత మొదలై
అరచేయంత అయినాక
వాళ్లమ్మ గుండు కొట్టించేసింది.
"ఈ ఊర్లో ఎవురడుగుతారు మేడమ్?"

నిజమే.
గంధం పూసిన అన్ని తలల మధ్య
ఈ పిల్ల తల ఎవరి కంటికీ ఆనదు.
దాక్కోవడానికి ఊరు ఊరంతా ఉంది.
"మొక్కా పాపా?" అంటారు షేర్ ఆటోలో,
ఇడ్లీ బండి దగ్గర, బస్టాండులో.
తలూపడం నేర్చుకుంది.
మొలిచిన జుట్టు వేలికి అందగానే మళ్లీ లాగేది.
మళ్లీ గుండు. మూడుసార్లు.
ఏ దేవుడికీ బాకీ లేని పిల్ల.

నేను చేసింది గొప్పగా ఏమీ లేదు.
చేతికి పిండిముద్ద ఇచ్చాను.
లాగాలనిపించిన ప్రతిసారీ
సీసాలో ఒక చింతగింజ వేయమన్నాను.
ఒకరోజు నోరుజారి
"ఎంత ఒత్తుగా ఉండేదో కదా నీ జుట్టు" అన్నాను.
రెండు వారాలు రాలేదు.
ఆ రెండు బుధవారాలూ ఐదింటి నుంచి ఆరింటి దాకా
ఫ్యాను కింద ఒక్కదాన్నే కూర్చున్నాను
ఇసుక చదును చేసుకుంటూ.

మొన్న వచ్చింది.
చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.
ఆటోలో పక్కన ఒక ముసలామె,
ఆమెదీ గుండే, ఇంకా తడి ఆరని గంధం,
"మొక్కేనా తల్లీ" అనిందంట.
"కాదవ్వా, నేనే పీక్కున్నా."

"ఏమనింది?"

"ఏమీ అనలా.
కాసేపు నన్నే చూసి,
తన తల తడుముకుని,
ఎండకు మండుతాది, కొబ్బరినూనె రాసుకో అనింది."

రాసుకునే వచ్చింది.
గదంతా ఆ వాసన.
చింతగింజల సీసా వైపు ఇద్దరం చూడలేదు ఆ రోజు.

ఆరింటికి కింద మునిరత్నం పెట్టె అరిచింది,
ఎవరివో ఎనిమిది రూపాయలు అందాయని.
జోషిత దిగిపోతూ గోడకు ఒత్తిగిలి దారిచ్చింది.
షాకీర్ ఎక్కుతున్నాడు, ఒక్కో మెట్టూ చూసుకుంటూ.
చివరి మెట్టు మీద
వాడి పెదాలు కదిలినట్టున్నాయి,
పద్నాలుగు అన్నట్టు.
నేను చూడనట్టే లోపలికి నడిచి
బస్సు తీసి తొట్టి అంచున పెట్టాను.